ప్లగిన్లు తక్కువుంటేనే బ్లాగు నడుస్తుందండి

వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్‌కి "తప్పనిసరిగా ఉండాల్సిన ప్లగిన్లు" (దానికి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) అని వెతికితే నెట్‌లో దొరికేవన్నీ ఇంగ్లీషులో బ్లాగు రాసుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసినవే. వాటిలో తప్పేం లేదు గానీ, మన లింకు వాట్సాప్‌లో పడేసరికి మూరెడు పొడుగు ఎందుకు సాగుతుందో, 'రాష్ట్రం' అని శీర్షిక పెడితే కింద ఒత్తులు ఎందుకు తెగిపోతాయో, ఫోనులో తీసిన పులస ఫోటో ఎక్కించగానే పేజీ ఎందుకు మొరాయిస్తుందో అక్కడ ఎవరూ చెప్పరు. నేను కోనసీమలో కూర్చుని తీర్థాల గురించీ వంటల గురించీ కాలవల గురించీ రాస్తుంటాను. చదివేవాళ్ళలో సగం మంది ఇక్కడివాళ్ళు, మిగతా సగం ఇక్కణ్ణుంచి హైదరాబాదో అమెరికానో వెళ్ళి ఊరి మీద బెంగ పెట్టుకున్నవాళ్ళు. దాదాపు అందరూ ఫోనులోనే చదువుతారు. కాబట్టి కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చూడండి. ఇంకోటి, ఇది సొంతంగా హోస్టింగ్, అంటే బ్లాగుకి సర్వర్లో చోటు, కొనుక్కుని వర్డ్‌ప్రెస్ పెట్టుకున్నవాళ్ళ సంగతి. గూగుల్ వాళ్ళ బ్లాగర్‌లో ఉన్నవాళ్ళకి ఈ గొడవే లేదు, అదృష్టవంతులు.

వర్డ్‌ప్రెస్‌కి ప్లగిన్లు 2004లో 1.2 వెర్షన్‌తో వచ్చాయి. ఇప్పుడు వాళ్ళ డైరెక్టరీలో ఊరికే దొరికేవే 50 వేలకి పైన ఉన్నాయి. ఊరికే వస్తున్నాయి కదా అని ముప్పై నలభై వేసుకున్న బ్లాగులు చూశాను, తెరుచుకునేలోపు టీ కాచుకోవచ్చు. ప్లగిన్ అంటే మనకి ముక్కూ మొహం తెలియని ఎవరో రాసిన కోడు, మన సర్వర్లో, దాదాపు పేజీ తెరిచిన ప్రతిసారీ నడుస్తుంది. ఒకే సర్వరుని చాలామంది పంచుకునే తక్కువ డబ్బుల షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నప్పుడు పది లోపు ఆపుకోవాలి అనేది నా అభిప్రాయం.

ముందు లింకు సంగతి. దీనికి అసలు ప్లగిన్ అక్కర్లేదు, కానీ అందరూ ప్లగిన్ వెతికేది దీనికే. తెలుగులో శీర్షిక పెట్టి పబ్లిష్ నొక్కితే వర్డ్‌ప్రెస్ ఆ శీర్షికనే లింకు చేసేస్తుంది. బ్రౌజర్‌లో పైన తెలుగులో ముద్దుగానే కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. శాతం గుర్తు, ఈ, సున్నా, మళ్ళీ శాతం గుర్తు, బీ, సున్నా అంటూ సగం తెర నిండిపోతుంది. అది చూసి మా పెద్దమ్మ లాంటి వాళ్ళు "ఏదో వైరస్సు పంపావేంట్రా" అని ముట్టుకోరు, వాళ్ళ భయంలో అర్థం ఉంది కూడా. ఎందుకలా అవుతుందంటే, ఒక్కో తెలుగు అక్షరం కంప్యూటర్లో మూడు బైట్లు, లింకులోకి వెళ్ళేసరికి ఒక్కో బైటు మూడు గుర్తులవుతుంది, అంటే అక్షరానికి తొమ్మిది. గుణింతం గుర్తుకి వేరే తొమ్మిది, ఒత్తు పెట్టినప్పుడు మధ్యలో కనపడకుండా ఉండే పొల్లుకి ఇంకో తొమ్మిది. వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో ఈ లింకు పేరుకి ఇచ్చిన చోటు మొత్తం 200 గుర్తులు. 'ఆత్రేయపురం పూతరేకులు ఎలా చేస్తారు' అని శీర్షిక పెట్టి చూడండి, 'ఎలా' దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా 200 నిండిపోతాయి, 'చేస్తారు' గోదాట్లో కలిసిపోతుంది. ఇంకొంచెం పెద్ద శీర్షికైతే మాట మధ్యలోనే తెగి, చదివితే బూతులా కనిపించే లింకులూ వస్తాయి, ఆ ఉదాహరణలు ఇక్కడ రాయలేను.

మందు ఒకటే. ఎడిటర్లో కుడిపక్క స్లగ్ అనే చోట ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలు మీరే కొట్టండి. శీర్షిక తెలుగులోనే ఉంటుంది, లింకు మాత్రం పొట్టిగా ఉంటుంది. పైగా మనవాళ్ళు గూగుల్లో తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతకడం ఎక్కువ, కాబట్టి అటు కూడా కలిసొస్తుంది. పాత పోస్టులకి స్లగ్ మారిస్తే పాత లింకులు చచ్చిపోతాయని భయపడక్కర్లేదు, పబ్లిష్ అయిన పోస్టు స్లగ్ మారిస్తే వర్డ్‌ప్రెస్ పాతదాన్ని గుర్తుపెట్టుకుని కొత్తదానికి పంపుతుంది.

అయితే బ్లాగర్ నుంచి మారినవాళ్ళ కథ వేరు. బ్లాగర్ తెలుగు శీర్షికల నుంచి లింకు తయారు చేయలేదు, అందుకని 'బ్లాగ్-పోస్ట్_12' లాంటి పేర్లు పెట్టేస్తుంది, ఏ లింకు ఏ పోస్టుదో రాసినవాళ్ళకే తెలియదు. అలాంటివాళ్ళకి రీడైరెక్షన్ అనే ప్లగిన్ పనికొస్తుంది. సొంత డొమైన్ ఉంటే పాత లింకు ఒక పక్క, కొత్తది ఒక పక్క రాసుకుంటూ పోవడమే. విసుగు పని, కానీ ఒక్కసారే. దొరకని పేజీల కోసం ఎవరెవరు వచ్చి వెనక్కి వెళ్ళిపోయారో కూడా అది చిట్టా రాస్తుంది. ఆ చిట్టా ఎప్పటికప్పుడు తుడిచేలా సెట్టింగు పెట్టుకోండి, లేకపోతే డేటాబేస్ పెరిగిపోతుంది.

ఒత్తుల సంగతికీ ప్లగిన్ వద్దు. చాలా థీములు, అంటే బ్లాగు రూపురేఖల మూసలు, శీర్షికల్లో వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయేంతే ఇస్తాయి, 1.2 అలా. ఇంగ్లీషు అక్షరం కిందకి పెద్దగా దిగదు. మనకి 'ష్ట్ర' అంటే కింద ఇంకో అంతస్తు ఉన్నట్టే. ఆ ఎడాన్ని, అదే లైన్ హైట్‌ని, శీర్షికకి 1.5, లోపలి రాతకి 1.8 చేయండి, తేడా మీకే తెలుస్తుంది. ఫాంట్లంటారా, సిలికానాంధ్ర వాళ్ళ పుణ్యమా అని గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న లాంటివి చాలా ఉన్నాయి. చదివే రాతకి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ పెట్టి, మిగతా ముచ్చట్లు శీర్షికలకి ఉంచుకోండి. 2024లో వచ్చిన 6.5 వెర్షన్ నుంచి బ్లాక్ థీముల్లో ఫాంట్ లైబ్రరీ లోపలే ఉంది, ఫాంటుని మన సర్వర్లోకే దించేసుకుంటుంది. దానికోసం వేసుకున్న ఫాంట్ ప్లగిన్ ఏదైనా ఉంటే తీసేయొచ్చు.

ఇప్పుడు ఫోటోలు. నిజంగా ప్లగిన్ కావాల్సింది ఇక్కడే. ఈ రోజుల్లో మామూలు ఫోనుతో తీసినా ఫోటో 4000 పిక్సెళ్ళ వెడల్పు, నాలుగైదు ఎంబీలు. దాన్ని అలాగే ఎక్కించారనుకోండి, 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ దాన్ని 2560కి తగ్గించి ఒక కాపీ చేసుకుంటుంది, బానే ఉంది, కానీ అసలుది కూడా అలాగే దాచుతుంది. ఆ పైన 2048, 1536, 1024, 768, 300, 150 అని ఇంకో ఆరు. అంటే ఒక్క ఫోటోకి ఎనిమిది ఫైళ్ళు, థీము తన సైజులు తాను అడిగితే ఇంకా పైన. అంతర్వేది తీర్థానికి వెళ్ళి యాభై ఫోటోలు తెచ్చి ఎక్కిస్తే హోస్టింగ్ వాడు "మీ ఫైళ్ళ లెక్క దాటిపోయింది, పెద్ద ప్లాను తీసుకోండి" అని మెయిలు పెడతాడు, పెట్టకేం చేస్తాడు.

దీనికి ఇమ్‌శానిటీ అని చిన్న ప్లగిన్ ఉంది. ఎక్కించేటప్పుడే ఫోటోని మనం చెప్పిన కొలతకి, నేనైతే 1600, తగ్గించేసి పెద్దదాన్ని ఉంచదు. అసలు ఫోటో మీ ఫోనులోనో డ్రైవ్‌లోనో ఉంచుకోండి మరి. దానితోపాటు నాణ్యత పోకుండా బరువు తగ్గించడానికి ఈడబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఇమేజ్ ఆప్టిమైజర్, పేరు పలకడానికే ఆయాసం వస్తుంది గానీ పని బాగా చేస్తుంది, వెబ్‌పీ అనే తేలిక రకం ఫోటోగా కూడా చేసి పెడుతుంది. షార్ట్‌పిక్సెల్ కూడా మంచిదే, ఇంకా బాగా నొక్కుతుంది, కాకపోతే ఉచితంగా ఇచ్చేవి క్రెడిట్ల లెక్కన, ఫోటోకి తయారయ్యే ప్రతి సైజుకీ ఒక క్రెడిట్ కొట్టుకుంటుంది కాబట్టి ఒక్క తీర్థం ఫోటోలకే నెల కోటా అయిపోతుంది. కిందకి జరిపినప్పుడే ఫోటో దిగే లేజీ లోడ్ కోసం విడిగా ప్లగిన్ వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది 2020లో 5.5తోనే లోపలికి వచ్చేసింది, వద్దు.

ఫోటోల దగ్గరే ఇంకో మాట. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫోటోలో ఆ చోటు అక్షాంశాలతో సహా ఉంటుంది. ఎవరింటి పెరట్లోనో కూర్చుని ఒకావిడ పూతరేకు తీస్తుంటే ఫోటో తీసి పెట్టాం, ఆ ఇల్లు మ్యాపులో ఎక్కడుందో ప్రపంచానికంతా చెప్పినట్టే. పైన చెప్పిన ఆప్టిమైజర్లలో ఆ వివరాలు తీసేసే సెట్టింగు ఉంటుంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

సంక్రాంతి మూడు రోజులూ నాకు పెద్ద పరీక్ష. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం, పదకొండు ఊళ్ళ రుద్రులూ ప్రభల మీద వచ్చి ఒక్క చోట చేరే రోజు, ఆ పూట దాని గురించి రాసిన పాత పోస్టు ఏ ఊరి గ్రూపులోనో పడుతుంది, అక్కణ్ణుంచి ఇంకో గ్రూపుకి, ఒకేసారి జనం వచ్చి పడతారు. క్యాష్ లేకపోతే వచ్చిన ప్రతి మనిషికీ సర్వరు డేటాబేస్‌ని అడిగి పేజీని కొత్తగా వండి వడ్డించాలి. క్యాష్ ప్లగిన్ ఉంటే ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే ఇస్తుంది. మీ హోస్టింగ్ లైట్‌స్పీడ్ సర్వరు మీద నడుస్తుంటే లైట్‌స్పీడ్ క్యాష్ వేసుకోండి, ఇంకేం ఆలోచించక్కర్లేదు. కాకపోతే డబ్ల్యూపీ సూపర్ క్యాష్, ఆన్ నొక్కి వదిలేయొచ్చు. రెండు క్యాష్ ప్లగిన్లు కలిపి వేయకండి. లైట్‌స్పీడ్‌లో ఉన్న మీటలన్నీ నొక్కాలని కూడా లేదు, సీఎస్ఎస్ కలపడం, జావాస్క్రిప్ట్ వెనక్కి తొయ్యడం లాంటివి ఒక్కోటీ ఆన్ చేసి ఫోనులో బ్లాగు చూసుకుని, చెడితే వెంటనే ఆపేయండి.

క్యాష్ పెట్టాక బయటపడే ఇంకో చిక్కు ఉంది, టైము పెట్టి ఉంచిన పోస్టులు సమయానికి రావు. మన దగ్గర ఇది నిజంగా అవసరమైన సదుపాయం. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు మొబైల్ నెట్ ఆపేశారు, అదే ఏడు జులైలో వరద వచ్చి లంకల్లో కరెంటే లేదు. అలాంటప్పుడు ముందే రాసి పెట్టుకున్నవి ఉంటే మనం లేకపోయినా అవి వాటి టైముకి వెళ్ళాలి. కానీ వర్డ్‌ప్రెస్‌కి సొంత గడియారం లేదు. ఎవరైనా పేజీ తెరిస్తేనే, అప్పుడు "అరె, టైమైపోయిందే" అని చూసుకుని పోస్టు వదులుతుంది. భీష్మ ఏకాదశి రోజు తెల్లారగట్ల నాలుక్కి రథోత్సవం పోస్టు పెట్టామనుకోండి, ఆ టైములో బ్లాగుకి ఎవరొస్తారు? వచ్చినా సర్వరు దాచుకున్న పేజీ ఇచ్చి పంపేస్తే వర్డ్‌ప్రెస్ నిద్రే లేవదు. ఏడింటికి చూస్తే 'మిస్డ్ షెడ్యూల్' అని ఎర్రక్షరాలు. దీనికీ ప్లగిన్లున్నాయి గానీ వాటికంటే సీపానెల్‌లో (హోస్టింగ్ వాళ్ళిచ్చే కంట్రోల్ ప్యానెల్) క్రాన్ జాబ్, అంటే టైము ప్రకారం దానంతటదే నడిచే పని, పెట్టడం మేలు, పదిహేను నిమిషాలకోసారి డబ్ల్యూపీ-క్రాన్ ఫైలుని పిలవమని. హోస్టింగ్ వాళ్ళ సపోర్టుని చాట్‌లో అడిగినా పెట్టేస్తారు. లోపల ఏ పని ఎప్పుడు జరగాలో చూసుకోవాలంటే డబ్ల్యూపీ క్రాంట్రోల్ అనే ప్లగిన్ వేసుకుని, చూశాక తీసేయండి.

ఎస్ఈఓకి, అంటే గూగుల్లో వెతికినప్పుడు బ్లాగు కనపడేలా చేసుకోడానికి, యోస్ట్ గానీ ర్యాంక్ మ్యాత్ గానీ, ఏదో ఒకటే. నేను వీటిని వాడేది శీర్షిక, రెండు వాక్యాల వివరణ, వాట్సాప్‌లో లింకు కింద కనిపించే బొమ్మ, ఈ మూడింటికే. ఆ బొమ్మ 1200 బై 630లో, తక్కువ బరువుతో ఉండాలి, మరీ బరువైతే వాట్సాప్ చూపించదు. ఇక పోస్టుకి మార్కులేస్తున్నట్టు అవి చూపించే పచ్చ దీపాలూ ఎర్ర దీపాలూ ఉన్నాయే, వాటి వెంట పడకండి. 'పూతరేకులు' అని కీలకమైన మాట ఇస్తే, పోస్టులో మనం 'పూతరేకులకి', 'పూతరేకుల్లో', 'పూతరేకు' అని ఎన్నిసార్లు రాసినా అవన్నీ ఒకే మాట అని దానికి తెలియదు, ఆ తెలివి కొద్ది భాషలకే ఇచ్చారు, అందులో తెలుగు లేదు. దాన్ని మెప్పించడానికి వాక్యానికోసారి 'పూతరేకులు పూతరేకులు' అని జపం చేసిన పోస్టులు చదివాను, ఆత్రేయపురం వాళ్ళకి భౌగోళిక గుర్తింపు 2023లోనే వచ్చేసింది, ఇంక మనం అంత కష్టపడక్కర్లేదు.

బ్యాకప్‌కి అప్‌డ్రాఫ్ట్‌ప్లస్. ఉచిత వెర్షన్ చాలు. డేటాబేస్ రోజూ, ఫైళ్ళు వారానికోసారి, రెండూ గూగుల్ డ్రైవ్‌కి వెళ్ళేలా పెట్టుకోండి. పాలకొల్లులో నాకు తెలిసిన ఒకాయన బ్లాగు, ఏళ్ళ తరబడి రాసినది, హోస్టింగ్ వాడి సర్వరు పాడై పోయింది. ఆ కంపెనీ పేరెందుకు గానీ, "మేం బ్యాకప్ తీస్తున్నామండి" అని వాళ్ళు చెప్పిన మాట నిజమే, తీశారు, అదే సర్వర్లో పెట్టారు. చివరికి చదివేవాళ్ళ మెయిళ్ళకి వెళ్ళిన పోస్టుల్లోంచి, గూగుల్ దాచిన పేజీల్లోంచి ఒక్కోటీ ఏరుకున్నారు. అన్నీ దొరకలేదు. బ్యాకప్ తీయడంతో అయిపోదు, కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి సైటు పెట్టుకుని దాన్ని తిరిగి నిలబెట్టగలమో లేదో చూసుకోవాలి.

స్పామ్‌కి అకిస్మెట్ బాగానే పనిచేస్తుంది, కానీ బ్లాగులో యాడ్స్ పెట్టి డబ్బులు తీసుకుంటుంటే అది వ్యాపారం కిందకి వస్తుంది, వాళ్ళకి కట్టాలి. యాంటీస్పామ్ బీ అయితే ఖాతా కూడా అక్కర్లేదు. అందులో భాషని బట్టి వడకట్టే సెట్టింగు ఒకటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి, ఇంగ్లీషు అక్షరాల్లో మనవాళ్ళు రాసే తెలుగు ఏ దేశపు భాషో దానికి అర్థం కాదు. లాగిన్ దగ్గర తప్పుడు పాస్‌వర్డులు కొట్టేవాళ్ళని ఆపడానికి లిమిట్ లాగిన్ అటెంప్ట్స్ రీలోడెడ్ చాలు. కాంటాక్ట్ ఫామ్ 7 వాడేవాళ్ళు పక్కన ఫ్లమింగో కూడా వేసుకోండి, ఎందుకంటే కాంటాక్ట్ ఫామ్ వచ్చిన సందేశాన్ని మెయిలు పంపుతుందే గానీ ఎక్కడా దాచదు, ఆ మెయిలు స్పామ్‌లోకి పోతే పోయినట్టే.

కాపీ కొట్టకుండా కుడి క్లిక్ ఆపే ప్లగిన్ల మీద నాకు చాలా కోపం. మన రాతలు ఎత్తుకుపోతారు, పేరు కూడా పెట్టరు, నిజమే, కడుపు మండుతుంది. కానీ ఎత్తుకుపోయేవాడు స్క్రీన్‌షాట్ తీసుకుంటాడు, లేదా పేజీ సోర్సులోంచి లాక్కుంటాడు. ఆగిపోయేది ఎవరయ్యా అంటే, పనసపొట్టు కూరలో ఆవ ఎంత వేయాలో ఆ రెండు వరసలూ కాపీ చేసి హైదరాబాదులో ఉన్న కూతురికి పంపుదామనుకున్న తల్లి. ఆవిడ వేలు పెట్టి నొక్కుతూనే ఉంటుంది, ఏమీ అవదు, విసుగొచ్చి వెళ్ళిపోతుంది. పాపప్పులు, జారే బొమ్మల స్లైడర్లు, ఎంతమంది చూశారో చూపించే మీటర్లు, వీటి గురించి విడిగా చెప్పను, మీకే తెలుసు.

ఏ ప్లగినైనా వేసేముందు దాని పేజీలో కుడిపక్క చూడండి, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది, ఎన్ని సైట్లలో నడుస్తోంది, ఏ వెర్షన్ దాకా పరీక్షించారు. ఏడాదికి పైగా ఎవరూ ముట్టుకోనిదైతే నేను వేయను. బాగా నడిచే ప్లగిన్లు కూడా చేతులు మారుతుంటాయి. డిస్‌ప్లే విడ్జెట్స్ అని ఒకటి సుమారు 2 లక్షల సైట్లలో ఉండేది, దాన్ని కొనుక్కున్నవాళ్ళు దొంగ కోడు పెట్టి అప్‌డేట్ పేరుతో పంపించారు, 2017లో డైరెక్టరీ నుంచి పూర్తిగా తీసేయాల్సొచ్చింది. డబ్బులు పెట్టి కొనాల్సిన ప్లగిన్ని టెలిగ్రామ్‌లో ఎవరో ఊరికే ఇస్తున్నారంటే, ఎందుకిస్తున్నారో మీరే ఆలోచించుకోండి.

ఇవన్నీ చూసుకున్నా ఒక్కోసారి అప్‌డేట్ కొట్టగానే బ్లాగు మొత్తం తెల్లకాగితం అయిపోతుంది. టెన్షన్ పడకండి, రాసినవి ఎక్కడికీ పోవు. 5.2 వెర్షన్ నుంచి ఇలాంటప్పుడు వర్డ్‌ప్రెస్ అడ్మిన్ మెయిలుకి ఒక ప్రత్యేకమైన లింకు పంపుతుంది, దాంతో లోపలికెళ్ళి పాడైన ప్లగిన్ని ఆపొచ్చు. అందుకే అడ్మిన్ మెయిలు మీరు నిజంగా చూసే మెయిలై ఉండాలి. అది రాకపోతే సీపానెల్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి, డబ్ల్యూపీ-కంటెంట్ లోపల ప్లగిన్స్ అనే ఫోల్డరు పేరు చివర ఏదో ఒక అక్షరం చేర్చండి. ప్లగిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయి బ్లాగు తెరుచుకుంటుంది. అడ్మిన్‌లోకి వెళ్ళి ప్లగిన్ల పేజీ ఒకసారి తెరవండి, అన్నీ ఆపేసినట్టు చూపిస్తుంది. అప్పుడు ఫోల్డరుకి పాత పేరు పెట్టేసి ఒక్కొక్క ప్లగిన్నే ఆన్ చేసుకుంటూ రండి, ప్రతిసారీ బ్లాగు ఇంకో ట్యాబ్‌లో రీలోడ్ చేస్తూ. ఏది ఆన్ చేసినప్పుడు మళ్ళీ తెల్లబోయిందో దాని ఫోల్డరు ఒక్కటీ ఫైల్ మేనేజర్‌లో పేరు మార్చి వదిలేయండి, వాళ్ళు సరిచేసిన వెర్షన్ వచ్చేదాకా.